గంజి పెట్టిన గుర్రాలు

పెళ్లయి అత్తవారింటికి వచ్చిన నాడు మాకిచ్చిన గదిని చూశాను. మాకిచ్చిన గది అనడం మర్యాదకు. అందులో ముప్పావు వంతు పుస్తకాలది. మిగిలిన పావు వంతులో ఒక నులక మంచం, నా ట్రంకు పెట్టె, నేను, మా ఆయన. పుస్తకాలు నాకంటే ఎనిమిదేళ్లు ముందే ఆ ఇంటికి వచ్చాయి కాబట్టి గోడవార చోటు వాటిదేనని మా ఆయన రాయమల్లు ఎంతో న్యాయంగా వివరించారు. బి.ఏ. చదివిన భార్య ఇలాంటివి త్వరగా అర్థం చేసుకుంటుందని ఆయన నమ్మకం. అర్థం చేసుకున్నాను. ట్రంకు పెట్టెను మంచం కిందికి నెట్టాను.

మాది కరీంనగరంలో పద్మశాలీల వాడ. ముందు గదిలో మా అత్తమ్మ శంకరవ్వ మగ్గం, వెనక గదిలో మేము. మామయ్య పోయి పదేళ్లు. అత్తమ్మ ఒక్కతే నేసి కొడుకును చదివించింది. కొడుకు హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు అయ్యాడు. జీతం వచ్చిన నాడు సగం అత్తమ్మ చేతికి, సగం హర్రాజుకు.

జాగీరులు పోయాక మా జిల్లాలోనూ, ఆదిలాబాదు జిల్లాలోనూ దొరల గడీల్లో సామాన్లు ఒక్కొక్కటే వేలానికి వస్తున్నాయి. దాన్ని మా దగ్గర హర్రాజు అంటారు. తాతలు పుస్తకాలు కొన్నారు, మనుమలకు రేడియోలు కావాలి. సుల్తానాబాదు నుంచి ఆసిఫాబాదు దాకా ఎక్కడ హర్రాజు జరిగినా మా ఆయన అక్కడ ఉంటారు. ఆయన కొనేవి బొమ్మలున్న పాత పుస్తకాలు మాత్రమే. భాష ఏదైనా ఫరవాలేదు. ఉర్దూ మీడియంలో చదివారు కాబట్టి పార్సీ అక్షరాలు కూడబలుక్కుంటారు, అర్థం మాత్రం కాదు. అర్థమైతే బొమ్మ మీద ధ్యాస తగ్గుతుందని ఆయన సిద్ధాంతం. ఈ లెక్కన ఆయన చాలా గొప్ప పండితుడు.

ఆ పుస్తకాలన్నిటికీ రాణి లాంటిది గుర్రాల పుస్తకం. చేతిరాత. నలభై రెండు బొమ్మలు. గుర్రాలకు వచ్చే జబ్బుల గురించి ఏ కాలంలోనో ఎవరో పార్సీలో రాసింది. మా పెళ్లి పత్రికలు పంచడానికని ఆసిఫాబాదు వైపు వెళ్లి, దారిలో ఒక గడీ హర్రాజులో పగిలిన గడియారంతో కలిపి గంపగుత్తగా కొన్నారట. నా మెట్టెల కోసం అత్తమ్మ ఇచ్చిన పైకం అందులో కొంత కలిసిందని పెళ్లయిన నెలకు తెలిసింది. మెట్టెలు అంత తేలిగ్గా, నడవడానికి అంత సుఖంగా ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది.

కోపం తెచ్చుకోవాలని కూర్చున్నాను. ఇంతలో ఆయన బడి నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, మూడుసార్లు తుడుచుకుని, నన్ను మంచం మీద కూర్చోబెట్టి మొదటి బొమ్మ తెరిచారు. తెల్ల గుర్రం. దాని చుట్టూ సన్నని బంగారు గీత. రెండో బొమ్మ చూపించమంటే రేపు అన్నారు. రోజుకు ఒక్కటే. మర్నాటి బొమ్మలో కడుపునొప్పి గుర్రం. గుర్రం ముఖం మామూలుగానే ఉంది, కళ్లెం పట్టుకున్న మనిషి ముఖంలో మాత్రం నొప్పి భరించలేనంత ఉంది. నేను నవ్వుతుంటే ఆయన బొమ్మను కాక నన్ను చూస్తున్నారు. అలా నలభై రెండు సాయంత్రాలు. నాలుగేళ్లు కాలేజీలో చరిత్ర చదివాను. గుర్రం జలుబు ఇంత ఆనందంగా ఉంటుందని ఒక్క మాస్టారూ చెప్పలేదు.

అత్తమ్మకు ఈ ఆనందంలో వాటా లేదు. చేసింది అమ్మాలి అన్నది ఆవిడ మతం.

"అమ్ముడువోతె సరుకు బిడ్డా," అని నాతో అన్నది ఒకసారి, "పోకుంటె సామాను. నీ మొగడు ఎనిమిదేండ్ల సంది సామాను కూడవెడ్తుండు."

వానలు పడ్డాక మా గోడకు చెదలు పట్టాయి. అవి బాగా చదువుకున్న చెదలు. ముందు పుస్తకాల అట్టలు రెండు చూసి, రుచించక, గోడ దాటి ముందు గదిలో అత్తమ్మ నూలు చిలపల దాకా వెళ్లాయి. పుస్తకం పోతే మా ఇంట్లో దుఃఖం, నూలు పోతే తిండే పోతుంది. ఆ పూట అత్తమ్మ మగ్గం దిగి వచ్చి, సందు చివర కిరాణా శేటు పాత కాగితం తూకానికి కొంటున్నాడని, దసరా లోపల గది ఖాళీ చేయమని చెప్పింది. శేటు దుకాణంలో ఆ కాగితంతో పల్లీలు, చింతపండు పొట్లాలు కడతాడు.

మా ఆయన అన్నం ముందు కూర్చుని ఉన్నారు. అప్పుడైనా ఊరుకోవచ్చు. ఊరుకోకుండా, తన పుస్తకాల్లో ఒక్కటి హర్రాజులో పెడితే అవ్వ వారం రోజులు నేసిన చీరకంటే ఎక్కువ పలుకుతుందన్నారు.

మా వాడలో అలాంటి మాట ఎవరూ అనరు. పక్కింటి మగ్గం కూడా ఆగినట్టనిపించింది నాకు. అత్తమ్మ కోప్పడలేదు. చాలా నెమ్మదిగా అడిగింది.

"గట్లనా కొడుకా. అయితె రెండు పెడుదాం. వచ్చే ఐతారం సాంబయ్య హర్రాజుల నా చీర ఒకటి, నీ పుస్తకం ఒకటి. నీ పుస్తకం ఒక్క రూపాయి ఎక్కువ పలికినా, ఇగ నీ పుస్తకాల పేరెత్త. తక్కువ పలికితె అన్ని శేటు తక్కెట్లకే."

ఆయన సరేనన్నారు. రెండు ముద్దలు తిన్నాక ఆయన చెయ్యి ఆగింది. చీరతో పోటీ పడగలిగింది గుర్రాల పుస్తకం ఒక్కటే. ఓడితే అన్నీ పోతాయి. గెలిస్తే అన్నీ ఉంటాయి, గుర్రాలు పోతాయి. ఇంత మంచి పందెం కాసిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు. పెరుగు వేయనా అని అడిగాను.

నా సంగతి కూడా చెప్పాలి. మా బాపు ఇచ్చిన ఇరవై రూపాయలు నా కొంగున ఉన్నాయి, నిలువుటద్దం కొనుక్కోవడానికి. గది ఖాళీ అయితే అద్దం ఎక్కడ పెట్టాలో ఆ పూటే చూసుకున్నాను. కిటికీ ఎదురుగా బాగుంటుంది. తర్వాత మంచం మీదికి చూస్తే ఆయన ఒడిలో గుర్రాల పుస్తకం. తెరవలేదు, ఊరికే పట్టుకున్నారు. అద్దం సంగతి మళ్లీ ఆలోచించబుద్ధి కాలేదు.

శనివారం మధ్యాహ్నం బట్టలు ఉతకడానికి మానేరు ఒడ్డుకు వెళ్లాను. తడిబట్టల మూటతో తిరిగివచ్చేసరికి మా పెరట్లో దండెం ఖాళీగా లేదు. దాని మీద గుర్రాలు ఆరుతున్నాయి.

పుస్తకం కుట్లు విప్పి ఉంది. మధ్యకు మడిచిన కాగితాలు కాబట్టి దండెం మీద ధోవతుల్లా చక్కగా కూర్చున్నాయి. చలిజ్వరం గుర్రం పక్కన కుంటి గుర్రం, దాని పక్కన దంతాలు పుచ్చిన గుర్రం. అత్తమ్మ కింద పీట మీద కూర్చుని ఉంది. ముందర గంజి గిన్నె. చేతిలో పడుగుకు గంజి పెట్టే కుంచె.

మూట కింద పెట్టాను. ఆవిడే వివరించింది. పుస్తకం చేతిలోకి తీసుకుని చూసిందట, కాగితాలు వాడిన తమలపాకుల్లా మెత్తగా వాలిపోతున్నాయట. అది చూసి ఊరుకోబుద్ధి కాలేదట.

"పందెం పందెమే," అన్నది. "గని గంజి లేని సరుకు మన ఇంట్ల నించి బజారుకు ఎన్నడన్న పోయిందా? రేపు నా చీర ఫెళఫెళమంటది, నా కొడుకు సరుకు పీలికలెక్క కూసుంటె గెలిచినా నాకేం ఇజ్జతి?"

మొదటి కాగితానికి బొమ్మ మీదనే పెట్టిందట. తెల్ల గుర్రం మీదికి పక్కనున్న సేవకుడి తలపాగా ఎరుపు కొంచెం దిగింది. గుర్రం సిగ్గుపడ్డట్టు అయింది. రంగు పక్కా కాదని అర్థమై, మిగతా వాటికి బొమ్మలేని వైపూ, అంచులకూ మాత్రమే పట్టించిందట. అంత జాగ్రత్త తీసుకున్నందుకు మెచ్చుకుంటానేమోనని నావైపు చూసింది.

మా ఆయన బడి నుంచి వచ్చి దండెం చూశారు. చెప్పులు విడవలేదు. అలాగే గడప మీద కూర్చున్నారు. ఒక్కటే ప్రశ్న అడిగారు, ఏం గంజి అని.

"బియ్యం గంజే. జొన్న గంజి మరక వడ్తదని, నీ పుస్తకమని, పండుగకు దాసిన సన్నబియ్యం పోసిన," అన్నది అత్తమ్మ.

ఆ జవాబుకు ఏ కొడుకైనా ఏమంటాడు. ఆయన లేచి, ఆరిన కాగితాలు ఒక్కొక్కటే తీసి అందించారు. ఆవిడ ప్రతి కాగితాన్నీ పీట మీద పరిచి ఇత్తడి చెంబు అడుగుతో నున్నగా రుద్దింది. తర్వాత తన నూలుతోనే తిరిగి కుట్టింది. కుట్టు మాత్రం పాతదానికంటే బాగుంది. ఆ మాట నేను పైకి అనలేదు.

సాంబయ్య హర్రాజు, ఒకప్పుడు బాటసారుల సత్రమైన పాత సరాయి వాకిట్లో ప్రతి ఐతారం జరుగుతుంది. ఆ రోజు వెంట్రుకలు రాలిన పులి చర్మం ఒకటి, గొట్టం లేని తుపాకి ఒకటి, మూడు కొమ్ములు పోయిన దీపాల గుత్తి ఒకటి వచ్చాయి. ఒక జాగీరుదారు వైభవం ఎంతో తెలియాలంటే సరాయి వాకిలి చూస్తే చాలు. ఆడవాళ్లం అరుగు మీద కూర్చున్నాం. మా ఆయన ఎదురుగా స్తంభం పక్కన నిలబడ్డారు.

కొనేవాళ్లలో అజీజుల్లా సాబ్ ఉన్నారు. హైదరాబాదులో పాత పుస్తకాల వ్యాపారం, నెలకోసారి వస్తారు. మా ఆయనకు ఆయనంటే భక్తి, భయం. ఎందుకంటే ఆయన ఏది ముట్టుకుంటే దానికి ధర, ఏది పక్కన పెడితే అది చిత్తు కాగితం. నిన్నటిదాకా మా ఆయన ఆశంతా ఆయన మీదే.

ముందు చీర. ఎర్రంచు, నల్ల ఒడలు. మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసే వెంకటి అనే ఆయన పెళ్లాంతో వచ్చాడు. పెళ్లాం చీరను వేళ్ల మధ్య నలిపి చూసి అతని ముఖంలోకి చూసింది. ఇక బేరం లేదు. పద్దెనిమిది రూపాయలు. మా వాడ చీర ఎవరిదీ ఆ ఏడు అంత పలకలేదు. అత్తమ్మ కొంగు సర్దుకుంది, అంతే. మా ఆయన స్తంభానికి ఇంకొంచెం దగ్గరగా జరిగారు.

తర్వాత పుస్తకం. సాంబయ్యకు పుస్తకాలను పొగడటం కొత్త. "పార్సీ పుస్తకం, శాన పాతది, గుర్రాల వైద్యం. ఇంట్ల రోగం గుర్రమున్నోళ్లు ముంగటికి రాండ్రి," అన్నాడు.

అజీజుల్లా సాబ్ ముందుకు వచ్చారు. భూతద్దం తీశారు. పేజీ తిప్పారు. ఫెళఫెళమన్నది. ఆగి, వాసన చూశారు. ఇంకో పేజీ తిప్పి, వేలి కొసతో మెల్లగా రుద్ది చూశారు. తర్వాత జనం వైపు తిరిగారు.

"క్యా భాయ్, గిది కితాబా, ధోతీయా?"

సరాయి అంతా నవ్వింది. పులి చర్మం కొన్నాయన కూడా నవ్వాడు. మా ఆయన నేల చూస్తున్నారు. సాబ్ అయ్యో అన్నట్టు తల ఊపి, పేదవాళ్లకు సాయం చేసే గొంతుతో ఐదు రూపాయలన్నారు. కిరాణా శేటు ఆరు అన్నాడు. కాగితం గట్టిగా ఉంది, పొట్లం బాగా నిలబడుతుంది. సాబ్ ఏడు. శేటు ఎనిమిది. సాబ్ నిట్టూర్చి తొమ్మిది. శేటు మనసులో తూకం వేసుకుని చాలించుకున్నాడు.

సాంబయ్య ఒకటోసారి అన్నాడు. నా చెయ్యి కొంగు ముడి మీదికి వెళ్లింది. రెండోసారి అన్నాడు. ముడి విప్పుతుంటే నా పక్క నుంచే గొంతు వినిపించింది.

"పది."

అత్తమ్మ. వాకిలంతా మావైపు తిరిగింది. సాంబయ్య ఇబ్బందిగా నవ్వి, పుస్తకం పెట్టింది మీ ఇంటోళ్లే గదా శంకరవ్వా, ఇంటోళ్లే పాడితే ఎట్లా అన్నాడు.

"పుస్తకం నా కొడుకుది," అన్నది అత్తమ్మ. "కొడుకుదంత నాదే అయితె నాకింత బాధెందుకు సాంబయ్యా. నేను వేరే, వాడు వేరే. పాడు."

సాబ్‌కు ఇది నచ్చలేదు. పదకొండు అన్నారు. అత్తమ్మ పదమూడు. ఆయన ప్రతిసారీ పుస్తకం ఎందుకూ పనికిరాదని ముఖంతో చెబుతూ నోటితో ఒక రూపాయి పెంచుతున్నారు. అంత పనికిరాని పుస్తకాన్ని అంతసేపు ఎందుకు పాడుతున్నారని ఎవరికీ తోచలేదు. నేను ఆవిడ చెవిలో, గెలిచేది మీరే కదా అత్తమ్మా, ఎందుకు పెంచుతున్నారని అడిగాను.

"నా గంజి తాగిన సరుకు తొమ్మిది రూపాయలకు పోతదా?" అన్నది నావైపు చూడకుండానే. "అందరి ముంగట ధోతని నవ్విండు. ధోతయినా తొమ్మిదికి ఇయ్య."

పదిహేడు అన్నది. సాబ్ పద్దెనిమిది అన్నారు. చీర ధరతో సమానం. అత్తమ్మ చేతిలో ఉన్నదీ అంతే, చీర డబ్బు. సాంబయ్య ఒకటోసారి, రెండోసారి అన్నాడు. ఆవిడ అప్పుడు నావైపు తిరిగింది.

"బిడ్డా, నీ కొంగుల ఎంతున్నది?"

నా కొంగులో ఏదో ఉందని ఆవిడకు ఎలా తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు. ఇరవై అన్నాను.

"ఇరవై అయిదు," అన్నది ఆవిడ సాంబయ్యతో, నా ముఖం చూడకుండా.

సాబ్ భూతద్దం జేబులో పెట్టుకున్నారు. ఇంటోళ్లు నాటకమాడి ధర పెంచుతున్నారని, ఇలాంటివి తాను ముప్పై ఏళ్లుగా చూస్తున్నానని, సాయంత్రానికి ఆ పుస్తకం తానున్న హోటలుకే నడిచి వస్తుందని పక్కవాళ్లకు ఉర్దూలో చెప్పి వెళ్లిపోయారు. సాంబయ్య మూడోసారి అన్నాడు. అమ్మినందుకు మా ఆయన దగ్గర, కొన్నందుకు అత్తమ్మ దగ్గర తన వంతు తీసుకున్నాడు. మా పుస్తకాన్ని మా ఇంటి నుంచి సరాయికీ, సరాయి నుంచి మా ఇంటికీ తీసుకుపోవడానికి ఐదు రూపాయలు ఖర్చయింది. రిక్షా అయితే ఆరణాల్లో అయ్యేది.

దారిలో మా ఆయన మెల్లగా, పుస్తకం చీరకంటే ఎక్కువ పలికింది కదా అవ్వా అన్నారు.

"ఔ," అన్నది ఆవిడ. "నీ పుస్తకాలు నీయి. ఇగ అనను. గిది మాత్రం నాది. కొనుక్కున్న."

ఇంటికి వచ్చి ఆ పుస్తకాన్ని మగ్గం పైన, చేతికి అందని అటక మీద పెట్టింది. ఆ సాయంత్రం మేమిద్దరం మామూలుగా చేతులు కడుక్కుని మంచం మీద కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చేతులు తుడుచుకున్నాం.

పుస్తకం హోటలుకు నడవలేదు. అజీజుల్లా సాబే సోమవారం పొద్దున, హైదరాబాదు బస్సు వదులుకుని, మా ఇంటికి నడిచి వచ్చారు. మా ఆయన కుర్చీ కోసం అటూ ఇటూ పరుగెత్తారు. సాబ్ కూర్చుని, చాయ్ తాగి, పుస్తకానికి వంద రూపాయలిస్తానన్నారు. మా ఆయన జవాబు చెప్పే హోదాలో లేరు కాబట్టి అత్తమ్మ వైపు చూశారు. నేను అటక వైపు చూశాను. అమ్మడమే మతమైన మనిషి, వంద రూపాయలు, ఎదురుగా.

అత్తమ్మ పేక నూలు కండెకు చుడుతూ అడిగింది. "నిన్న ధోతన్నవు, ఇయ్యాల వందంటవు. పుస్తకానికెంత సాబ్, గంజికెంత?"

సాబ్ గ్లాసు కింద పెట్టారు. తర్వాత నిజం చెప్పారు. ఆయన నిజం చెప్పడం మా ఆయన కూడా మొదటిసారి చూడటం. పాతకాలంలో కాగితం చేసేవాళ్లు కూడా ఇలాగే బియ్యం గంజి పట్టించి, నున్నని రాయితో రుద్దేవాళ్లట. అందుకే ఆ కాగితాలు అన్నేళ్లు నిలిచాయట. ఇప్పుడు ఆ పని తెలిసినవాళ్లు హైదరాబాదులో లేరట, తన దుకాణంలో ముప్పై పుస్తకాలు మెత్తబడి పడి ఉన్నాయట. నిన్న వేలు పెట్టగానే తెలిసిందట.

"తెలిసి నవ్వినవా?" అన్నది అత్తమ్మ.

"వ్యాపారం అవ్వా," అన్నారు సాబ్.

 వ్యాపారం ఆవిడకూ తెలుసు. పుస్తకం మాత్రం ఇవ్వనన్నది. ఎందుకని ఆయన అడిగితే, నమూనా గుడ్డను ఏ సాలె అయినా అమ్ముతాడా అని ఎదురు అడిగింది. తన పని చూడాలనుకున్నవాళ్లు ఇక్కడికి వచ్చి ఇదే చూడాలట. వంద రూపాయలు సాబ్ జేబులోకి తిరిగి వెళ్లాయి. మా ఆయన ఇంతసేపూ పట్టుకున్న ఊపిరి వదిలారు. ఇల్లంతా వినిపించింది.

సాబ్ సంచిలో చెయ్యి పెట్టి మూడు పుస్తకాలు తీశారు. ఎందుకైనా మంచిదని వెంట తెచ్చుకున్నారట. పైదాంట్లో పక్షుల బొమ్మలు. ఒక నీలం పిట్ట రెక్క విప్పి, అట్ట లోపల నుంచి మమ్మల్నే చూస్తోంది. మా ఆయన చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన నిలబడ్డారు. అత్తమ్మ కాగితం అంచును రెండు వేళ్ల మధ్య పెట్టి, నూలు పోగును చూసినట్టు చూసి, కూలి ఎంతో మాట్లాడుకుంది. రంగు దిగితే తన పూచీ కాదని కూడా చెప్పింది. ఎన్ని రోజులు పడుతుందని సాబ్ అడిగారు.

అత్తమ్మ వాకిట్లోకి వంగి ఎండ చూసింది. నలభై రెండు గుర్రాలకు ఒక్క మధ్యాహ్నంలో గంజి పెట్టిన మనిషి. ఆవిడ నోరు తెరిచేలోపల మా ఆయన అందుకున్నారు.

"మూడు నెలలు వడ్తది సాబ్."

అత్తమ్మ కొడుకు వైపు చూసింది. తర్వాత నావైపు. నేను నీలం పిట్ట మీద నుంచి కళ్లు తీయలేదు.

"ఔ సాబ్," అన్నది ఆవిడ పేక అందుకుంటూ. "మూడు నెలల్కు తక్కువైతె కాదు."